గొంతు పెగలని రికార్డు ప్లేయర్లు

జూన్ 4

మళ్ళీ డైరీ మొదలుపెట్టాను. పెళ్ళికి ముందు రాసేవాణ్ణి. మాట్లాడే మనిషి ఇంట్లో ఉండగా కాగితంతో పనేముందని తర్వాత మానేశాను. ఇప్పుడు మనిషి ఇంట్లోనే ఉంది, మాటే కరువైంది.

నెలాఖరుకి మా ఆవిడ వాళ్ళక్క ఊరికి వెళ్తోంది. వదిన అక్కడ చిన్నపిల్లల బట్టల షాపు పెట్టింది. కటింగ్ చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలట, షాపు పైన గది కూడా ఉందట. "కొన్నాళ్ళు" అంటోంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో చెప్పదు. టిక్కెట్టు కూడా కొనేసింది. ఇన్నేళ్ళ కాపురంలో, వెళ్ళనా అని నన్నొక్క మాట అడగలేదు. అడగాలని తోచలేదు కాబోలు.

బతిమాలడం నాకు చేతకాదు. చెడిపోయినదాన్ని బాగుచెయ్యడం మాత్రం వచ్చు. బీరువా మీద వాళ్ళ మేనమామ రికార్డుల పెట్టె ఉంది. ఆయన ఫోటో స్టూడియోలో రోజంతా అవే మోగేవట, మా ఆవిడ చిన్నప్పుడు బడి నుంచి నేరుగా అక్కడికే పోయేదట. ఆయన పోయాక పెట్టె మా ఇంటికొచ్చింది గానీ, వినడానికి మిషను లేదు. ఎప్పటికైనా ఒకటి కొనమని అంటూనే ఉండేది. ఈమధ్య అనడం మానేసింది.

ఈ నెల్లోనే కొంటాను. అది మోగుతుంటే సర్దిన బట్టల పెట్టె మళ్ళీ విప్పుతుందేమో చూద్దాం.

జూన్ 6

చవకది, మంచిది కావాలనుకుంటే వచ్చే తలనొప్పి ఇంతా అంతా కాదు. రెండు రోజులుగా ఫోన్లో చదువుతున్నాను. సూట్‌కేసులా మడతపడేది ఒక రకం. స్పీకర్లు దాంట్లోనే ఉంటాయి, అందరికీ అందే ధర. కానీ దాని ముల్లు బరువుగా పడి రికార్డు గాడి అరిగిపోతుందంటారు. బెల్టు మీద తిరిగేది ఇంకో రకం, దానికి స్పీకర్లు వేరే కొనాలి. మోటారు మీదే పళ్ళెం తిరిగేది మూడో రకం, అది కొత్తది కొనే తాహతు మనకి లేదు. ముల్లు బరువు గురించి ఒకాయన పేజీలకి పేజీలు రాశాడు. చదివితే ఆయన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోరని అర్థమైపోతుంది.

మా నూలు మిల్లులో ఇవాళ ఒక స్పిన్నింగ్ మిషను బేరింగు పోబోతోందని పట్టుకున్నాను. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవి వెనక ఎముకకి ఆనిస్తే లోపల ఏం జరుగుతోందో వినపడుతుంది. నేర్చుకున్నప్పటినుంచీ నా పద్ధతి అదే. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మ ఆశ్చర్యపోయింది. "ఇంత రొదలో అదెలా పట్టుకున్నారండీ" అంది.

"చెవులుండాలి తల్లీ" అన్నాను.

ఆ రొదలో కూడా ఆమె అన్నది స్పష్టంగా వినపడింది. మిల్లులో ఎవరైనా నోరు తెరిచి మాట్లాడతారు. ఇంటికొస్తేనే గొణుగుళ్ళు.

జూన్ 8

సూట్‌కేసు రకమే కొన్నాను. ఆకుపచ్చ రంగు, చూడ్డానికి ముద్దుగా ఉంది. చప్పుడు చెయ్యకుండా తెచ్చి హాల్లో పెట్టి, పెట్టె దించి, పైనున్న వేణువు రికార్డు వేశాను.

మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఏదో అంది. నేను తలూపాను. కుర్చీ లాక్కుని కూర్చుంది, కళ్ళు మూసుకుంది. మొదటి వైపు అయిపోయేదాకా అలాగే కూర్చుంది. ఈ ఏడాదిలో ఒకే గదిలో మేమంతసేపు కూర్చున్నది ఇదే మొదటిసారి అనుకుంటాను.

నాకు మాత్రం నచ్చలేదు. తలుపేసిన పక్కింట్లో ఎవరో ఊదుతున్నట్టుంది. పూర్తిగా పెంచినా గొంతు పెగలదే. ఇంత పీల మిషను ఆవిడకి ఇవ్వడం బాగోలేదు. ఇస్తే సరైనదే ఇవ్వాలి.

జూన్ 9

ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ప్యాక్ చేసి షాపులో తిరిగిచ్చేశాను. ముల్లు బరువని చెప్పాను. అది నిజమే కదా. వారంలోపల అయితే మారుమాట లేకుండా తీసుకుంటారు.

తిరిగొచ్చేసరికి ఆవిడ హాల్లో, ఖాళీ బల్ల ముందు, చేతిలో ఇంకో రికార్డు పట్టుకుని నిలబడి ఉంది. ముల్లు గురించి వివరంగా చెప్పాను. ఆవిడ రికార్డు పెట్టెలో పెట్టేసింది.

జూన్ 10

ఏమీ అనలేదు.

జూన్ 12

రైల్వే గేటు దగ్గర పాత రేడియోలు బాగుచేసే షాపు ఒకటి ఉంది. షాపాయనకి బొడ్డుదాకా గడ్డం. మిల్లులో అందరూ గడ్డం అనే అంటారు, ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు. బెల్టు రకం ఒకటి, దానికో చిన్న యాంప్లిఫయరు, జత స్పీకర్లు కలిపి నాకు అందే ధరకి చూపించాడు. షాపులో వేసి వినిపించాడు. బయట రైలు పోతున్నా పాట బాగానే వినపడింది. గడ్డం కూడా గట్టిగా మాట్లాడే మనిషి.

"మీకు నచ్చకపోతే పట్టుకొచ్చెయ్యండి సార్, నేనెక్కడికీ పోను" అన్నాడు. ఈ కాలంలో అలా అనేవాళ్ళే లేరు.

జూన్ 13

ఇంట్లో పెడితే మళ్ళీ అదే కథ. పాట ఎక్కడో దూరాన ఉంది. యాంప్లిఫయరు మీట తిప్పుతూ తిప్పుతూ చివరిదాకా తిప్పాను. అప్పుడు కాస్త మనిషి గొంతులా వచ్చింది. బాగుందనుకుని కుర్చీలో కూర్చునేలోగా మా ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పై వాటా ఆయన లుంగీ ఎగ్గట్టుకుని దిగొచ్చాడు. ఇంట్లో పరీక్షలకి చదివే పిల్లలున్నారట. కట్టేశాను.

ఆవిడ తలుపు తీసి ఒకే మాట అంది. అదీ గొణుగుడే. కోపమొచ్చినవాళ్ళు అరుస్తారు. ఈవిడ కోపమొస్తే గొంతు తగ్గిస్తుంది. కావాలనే చేస్తోందని నాకు తెలుసు.

జూన్ 15

గడ్డం దగ్గరికి వెనక్కి పట్టుకెళ్ళాను. బల్ల మీద పెట్టి మళ్ళీ వేశాడు. మీట సగం కూడా తిప్పలేదు.

"బానే పలుకుతోంది కద సార్" అన్నాడు.

"మీకు అమ్మడం కావాలి, అలాగే అంటారు."

ఆయన గడ్డం నిమురుకుంటూ నన్ను కాసేపు చూశాడు. లోపల్నుంచి పాతదొకటి తెచ్చాడు. మోటారు మీదే తిరిగే రకం, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. రేడియో స్టేషన్ వాళ్ళు పడేసినదట. "దీనికి మించింది నా దగ్గర లేదు సార్. దీంట్లో కూడా వినపడకపోతే..." అని ఆగిపోయాడు. పాత సరుకు కాబట్టి నా ధరకే ఇచ్చాడు. స్పీకర్లు కూడా పెద్దవి మార్చాడు.

వినపడకపోతే ఏమిటో ఆయనే చెప్పాల్సింది.

జూన్ 16

అదే కథ.

జూన్ 17

మోటారులో ఏదో ఉంది. సెలవు రోజు విప్పి చూడాలి.

ఆవిడ బట్టలన్నీ ఇస్త్రీ చేసుకుంటోంది. నా చొక్కాలు కూడా చేసింది. నెలకి సరిపడా కాబోలు, మంచమంతా పరిచేసింది.

జూన్ 19

అమ్మాయి ఫోన్ చేసింది. దాని గొంతు నాకు ఎప్పుడూ బాగానే వినపడుతుంది, ఫోను చెవికి అదిమి పెట్టుకుంటాను. అమ్మ వెళ్ళిపోతుంటే ఎలా ఉన్నావని అడిగింది.

"ఎలా ఉంటాను. నన్నడిగి వెళ్తోందా ఏమన్నా" అన్నాను.

"అదేంటి నాన్నా. అమ్మ నిన్నడిగింది. నువ్వు సరే అన్నావంట."

"నన్నా? ఎప్పుడు?"

"నన్నడుగుతావేంటి. అడిగిన రోజు ఫోన్ చేసి ఎంత ఏడ్చిందో తెలుసా. 'నేను వెళ్ళిపోతే మీకు ఫర్వాలేదా అనడిగి వెనక్కి తిరిగితే, ఫ్యాను కేసి చూస్తూ సరే అన్నారే' అంది. నేను నీతో మాట్లాడతానంటే వద్దంది."

అబద్ధం. నేనలా ఎందుకంటాను.

జూన్ 20

అబద్ధం అని రాశాను గానీ, అబద్ధమాడే మనిషి కాదు. కూతురి దగ్గర అసలాడదు.

నేను సరే అంటూంటాను. అది నిజం. ఆవిడ ఏదైనా గొణిగితే, మళ్ళీ చెప్పమంటే విసుక్కుంటుందని సరే అనేస్తాను. నూనె అయిపోయిందనో, కుళాయి కారుతోందనో ఉంటుంది. సరే అంటే ఏ గొడవా ఉండదు. చాలా రోజులుగా అలాగే గడిచిపోతోంది.

ఇవాళ మిల్లులో ఏ పనీ సరిగ్గా చెయ్యలేకపోయాను.

జూన్ 22

సెలవు. ఆవిడ వాళ్ళక్కకి బట్టల శాంపిళ్ళు కొనడానికి పొద్దున్నే బజారుకెళ్ళింది. నేను మిషను ముందేసుకుని కూర్చున్నాను.

మోటారు సంగతి తేలుద్దామని రికార్డు తిరుగుతుండగానే స్క్రూడ్రైవరు మొన మిషనుకి ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకున్నాను. మోటారు బంగారంలా ఉంది. ఇసుమంత కూడా అరగలేదు. రేడియో స్టేషన్ వాళ్ళు ఎందుకు పడేశారో వాళ్ళకే తెలియాలి. మరి లోపం స్పీకర్లో ఉండాలి, లోపలేదో వదులైందేమో అనుకుని మొన స్పీకరు చెక్కకి ఆనించాను.

పాట. ఎవరో ఆవిడ పాడుతోంది, నా తలలో కూర్చుని పాడుతున్నట్టు. ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. వెనక వయొలిన్ ఉంది. ఈ రికార్డులో వయొలిన్ ఉందని నాకు ఇప్పటిదాకా తెలీదు.

స్క్రూడ్రైవరు తీసేశాను. పాడే ఆవిడ మళ్ళీ పక్కింట్లోకి వెళ్ళిపోయినట్టయింది. వయొలిన్ లేదు.

మళ్ళీ పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. రికార్డు అయిపోయి ముల్లు ఊరికే తిరుగుతున్నా అలా పెడుతూ తీస్తూనే ఉన్నాను.

మిషను మంచిదే. గడ్డం మొదట ఇచ్చిన మిషనూ మంచిదే. ఆకుపచ్చది కూడా మంచిదే అయ్యుండాలి. మంచి మిషన్లు వరసగా మోసుకెళ్ళి తిరిగిచ్చేశాను. బేరింగులు వింటున్నాను కదా, నా చెవులకేం అనుకున్నాను. నేను బేరింగులు చెవితో వినడం లేదు. ఎముకతో వింటున్నాను.

భయమేసింది. ముసలివాణ్ణయిపోతున్నానని కాదు. ఆవిడ ఇన్నాళ్ళూ ఏమేం చెప్పిందో, నేను వేటివేటికి సరే అన్నానో అని భయమేసింది.

జూన్ 23

మధ్యాహ్నం సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికెళ్ళాను. ఉక్కు కడ్డీ ఒకటి మోగించి చెవి దగ్గర పెట్టింది. లేదన్నాను. దాన్నే చెవి వెనక ఎముక మీద పెట్టింది. ఉందన్నాను. డాక్టరమ్మ నవ్వి, చెవి లోపల చిన్న ఎముకొకటి బిగుసుకుపోయిందంది. లోపలి చెవి నరం బాగానే ఉందట, బయటి శబ్దం అక్కడిదాకా చేరడం లేదంతే. రొదలో బాగా వినపడి, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో వినపడకపోవడం కూడా ఈ రోగం లక్షణమేనట. రొదలో ఎదుటివాళ్ళే గొంతు పెంచి మాట్లాడతారు కదా.

"మీ గొంతు మీకు పెద్దగా వినపడుతుంది, అందుకని మీరు చిన్నగా మాట్లాడతారు. ఇంట్లో మీరు గొణుగుతున్నారని అంటూండాలే?" అంది.

నేనా? నేను గొణుగుతానా?

ఆపరేషన్ చెయ్యొచ్చట. లేకపోతే చెవికి మిషను పెట్టుకోవచ్చట. ఆలోచించుకోమంది. బిగుసుకుపోవడం అంటే నాకు తెలుసు. గ్రీజు వెయ్యకుండా వదిలేసినవాడిది తప్పు.

జూన్ 24

చెప్పలేదు. ఆవిడ కటింగ్ కత్తెర సానపట్టించుకొచ్చింది.

జూన్ 25

రేపు చెప్తాను.

జూన్ 26

ఇప్పుడు చెబితే వెళ్ళకుండా ఆపడానికి రోగం అడ్డం పెట్టుకున్నాననుకుంటుంది. వెళ్ళాక ఫోన్లో చెప్తే మేలేమో. ఫోన్లో అయితే వినపడుతుంది కూడా.

ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. చెప్పడానికి ధైర్యం లేదు, అంతే.

జూన్ 27

చెప్పాను.

సాయంత్రం చిక్కుళ్ళు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని, నాకు వినపడదు అన్నాను. అలవాటుగా తలెత్తకుండానే ఏదో అంది. "నువ్విప్పుడేమన్నావో నాకు తెలీదు" అన్నాను. "చాలా రోజులుగా తెలీడం లేదు. తెలిసినట్టు సరే అంటున్నాను." డాక్టరు చీటీ ముందు పెట్టాను. స్క్రూడ్రైవరు సంగతి, మిషన్ల సంగతి, అమ్మాయి చెప్పిన సంగతి, అన్నీ చెప్పాను. ఇంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

చీటీ చదవలేదు. దాన్ని పక్కకి నెట్టింది. తర్వాత గొంతు పెంచి మాట్లాడింది. మిల్లులో అయినా వినపడేది.

"వినపడకపోతే వినపడలేదని ఏడవచ్చుగా. నేనేదో మీకు పనికిరానిదాన్నైపోయానని ఎంత కుమిలిపోయానో తెలుసా. ఏం చెప్పినా సరే. ఒంట్లో బాలేదన్నా సరే. ఆస్పత్రికి తోడు రమ్మన్నా సరే అన్నారు, అని పేపరు చదువుకున్నారు. ఒక్కదాన్నే పోయొచ్చాను."

"ఆస్పత్రికా? ఏమైంది?"

"ఏం కాలేదు. కాలేదని కూడా చెప్పాను. దానికీ సరే అన్నారు."

ఒక చిక్కుడుకాయ తుంచి పళ్ళెంలో పడేసింది.

"వెళ్ళనా అనడిగినప్పుడు కూరలు తరుగుతూ అటు తిరిగి అడిగాను. మొహం చూసి అడిగే ధైర్యం లేక. వద్దంటారేమో అని ఆశ. మీరు క్షణం కూడా ఆలోచించలేదు. అలా అన్నాక ఇంకెందుకుండాలి నేను?"

ఉండమని నోటిదాకా వచ్చింది. ఆ ఆస్పత్రి మాట విన్నాక అడిగే మొహం లేకపోయింది.

చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఆ ఆకుపచ్చది నాకు నచ్చింది. వేసిన రోజే చెప్పాను. మీరు తలూపారు. మర్నాడు స్నానం చేసొచ్చేసరికి లేదు."

"దాని ముల్లు బరువు..."

"ముల్లు బరువట" అంది.

లోపల ఏడుస్తూ ఉండాలి. నాకు వినపడదు కాబట్టి లేచి వెళ్ళి చూశాను. ఏడుస్తోంది. పక్కన నిలబడ్డాను. ఆవిడ నన్ను వెళ్ళమనలేదు, ఉండమనలేదు.

జూన్ 28

బట్టల పెట్టె విప్పలేదు. వదినతో ఫోన్లో మాట్లాడుతోంది, వస్తున్నానంటోందో రావడం లేదంటోందో పెదాలు చూస్తే తెలియలేదు. అడుగుదామని రెండుసార్లు లేచి కూర్చున్నాను.

మిల్లు నుంచి వస్తూ ఆకుపచ్చది ఇంకా ఉందేమోనని షాపులో అడిగాను. ఎవరో కొనుక్కుపోయారట. కొత్తవి వచ్చే నెలలో వస్తాయట. పేరు రాయించి వచ్చాను. ఆవిడకి చెప్పలేదు. వచ్చే నెల సంగతి ఇప్పుడెలా ఎత్తను.

జూన్ 29

రేపు పొద్దున్న బస్సు. అన్నం తిన్నాక ఆవిడ టీవీ కట్టేసింది, ఫ్యాను కూడా కట్టేసింది. కుర్చీ లాక్కొచ్చి నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది. మొహంలోకి సూటిగా చూసింది. అలా చూసి ఎన్నేళ్ళయిందో. కళ్ళ కింద నలుపొచ్చింది. నేనెప్పుడూ గమనించలేదు.

ఒక్కొక్క మాటా విడగొట్టి అడిగింది. "నేను. రేపు. వెళ్ళనా?"

ప్రతి మాటా వినపడింది. నేనే జవాబు వెంటనే చెప్పలేకపోయాను. అక్కడ ఆవిడకి పనుంది, మనుషులున్నారు, మాట్లాడితే వినేవాళ్ళున్నారు. ఇక్కడ చెవుడున్న మొగుడున్నాడు. వెళ్ళమనడమే న్యాయమేమో అనిపించింది. కానీ ఆవిడ అడిగింది న్యాయం కాదు.

"వెళ్ళొద్దు" అన్నాను.

"ఏమిటీ?" అంది.

ఆవిడ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. అయినా మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా.